పన్నెండు వందల సీట్ల హాలు

"డాక్టర్ నరసింహప్ప. రాకెట్ ఇంధనంలో దిట్ట. ఈ సాయంత్రం అనంతపురం కళాకేంద్రంలో ఆయనకు సన్మానం. అది పూర్తయ్యేలోపే ఒక విదేశీ ముఠా ఆయన్ని చంపబోతోంది," అన్నాడు చీఫ్ ఫోన్లో. "కిల్లర్ ఎవరో మన ఏజెంట్ సువర్ణకు తెలుసు. యాంకర్ వేషంలో ఉంది. మీ ఉరవకొండ పిల్లే, వేరుశనగ రైతు కూతురు. కోడ్, 'వాన వస్తుందా?' జవాబు, 'మబ్బు పట్టలేదు.'"

ఏజెంట్ నరేంద్రకు నవ్వొచ్చింది. హైదరాబాదు ఏసీ గదిలో పుట్టిన కోడ్! ఆగస్టు నెలలో అనంతపురంలో ఆ మాట అడగని మనిషి ఉంటాడా?

అనుకున్నంతా అయింది. గేటు దగ్గర వాచ్‌మన్ కుళ్లాయప్ప ఆకాశం చూసి, "వాన వస్తాదంటావా అన్నా?" అన్నాడు. క్యాంటీన్లో సుంకమ్మ కూడా అదే అడిగింది. ఇద్దరూ గూఢచారులు కారు. అయినా నరేంద్రకు సంతోషం వేసింది. పదకొండేళ్లుగా మారుపేర్లతో, పెట్టుడు గడ్డాలతో బతుకుతున్నాడు. అతన్ని ఎవరైనా ఏదైనా అడిగి ఎన్నాళ్లయిందో!

హాల్లో కుటుంబాలన్నీ ఫొటోలు దిగుతున్నాయి. అతనొక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఒంటరితనం డ్యూటీలో భాగమని ట్రైనింగ్‌లో చెప్పారు. ఇంతమంది మధ్య ఇంత బాధగా ఉంటుందని చెప్పలేదు.

ధర్మవరం పట్టుచీరలో సువర్ణ దగ్గరికొచ్చింది. "వాన వస్తాదా?"

"మబ్బు పట్టలేదు."

"బాల్కనీలో ఉండాడు. స్నైపర్. బిరీన పోన్నా."

ఆ యాసకు నరేంద్ర కరిగిపోయాడు. "పని అయినంక టీ తాగుదామా? ఊరి సంగతులు మాట్లాడి శానా దినాలాయ."

"తాగుదాంలే. ఈ వాన మాత్రం రాకుంటేనే మేలన్నా, వస్తే జనం ముందుగానే ఇండ్లకు పోతారు," అని నవ్వింది.

మెట్లు సగం ఎక్కాక అతని కాళ్లు ఆగిపోయాయి. చేను ఎండిపోతుంటే వాన రాకుంటే మేలనే రైతు కూతురు ఉరవకొండలో ఉంటుందా? యాస నేర్చుకుంది గానీ ఆశ నేర్చుకోలేదు. ఆమె ఫైలంతా అబద్ధమే, బాల్కనీలో స్నైపర్ కూడా. అతను వెనక్కి పరుగెత్తాడు.

స్టేజి మీద సువర్ణ శాలువా విప్పింది. డాక్టర్ భుజానికి జానెడు దూరంలో నరేంద్ర దాన్ని లాగేశాడు. అంచులో గుచ్చిన విషపు సూది లైట్ల కింద మెరిసింది. మఫ్టీ పోలీసులు ఆమెను తెర వెనక్కి తీసుకెళ్లారు. నాటకం మొదలైందనుకుని హాలంతా చప్పట్లు కొట్టింది. టీకి తోడు అలా పోయింది.

డాక్టర్ అతని చెయ్యి పట్టుకున్నారు. "యా ఊరప్పా నీది? పేరేమి? రా, మా ఇంట్లో అన్నం తిని పోదువుగానీ."

నరేంద్ర ఆ చెయ్యి వదల్లేదు.

"అన్నానికి వస్తా సార్. పేరు మాత్రం ఆఫీసు పర్మిషన్ ఇచ్చినంక చెప్తా."