పసుపు కాగితం చెప్పిన మాట

గోరి చార్టు మీద పెద్ద అక్షరాలతో "పీహెచ్ 4.74" అని రాసి, కింద రెండు గీతలు గీసింది. ఇంకో అరగంటలో జడ్జి సార్ వస్తారు.

జూలూరుపాడు బడిలో ఈ రోజు సైన్స్ ఫెయిర్. గెలిచిన జట్టు జిల్లా పోటీకి పోతుంది. ఎలాగైనా పోవాలని గోరి పది రోజులుగా పట్టుదలగా పనిచేస్తోంది. అమ్మోనియా, అమ్మోనియం క్లోరైడ్ సమానంగా కలిపి, పీహెచ్ తొందరగా మారని బఫర్ ద్రావణం తయారుచేసింది. దాని పీహెచ్ లెక్కకట్టడం గోరి వంతు. ఇంటి నుంచి తెచ్చిన పసుపు పూసి ఆరబెట్టిన కాగితంతో పరీక్షించడం స్నేహితురాలు యశోద వంతు.

యశోద కాగితం ముంచింది. అది ఎర్రబడింది.

"గోరీ, ఎర్రగైంది! అంటే క్షారమే. పీహెచ్ ఏడు కన్నా ఎక్కువుండాలె గదా? నువ్వు నాలుగు రాసినవేంది?"

"మూడుసార్లు చేసిన లెక్క. ఎట్ల తప్పుతది? మీ ఇంటి పసుపే మంచిగ లేదు."

యశోద ముఖం చిన్నబోయింది. "మా నాయనమ్మ చేతులు బొబ్బలెక్కేటట్టు దంచింది ఆ పసుపు," అని బయటికి వెళ్లిపోయింది.

తన మాటే నిజమని తేల్చుకోవాలని గోరి ఇంకో కాగితం సబ్బునీళ్లలో ముంచింది. ఎర్రబడింది. మరొకటి నిమ్మరసంలో ముంచింది. పసుపుగానే ఉంది. పసుపుకేం రోగం లేదు!

గోరి నోటుబుక్కు తీసింది. సైన్స్ చెప్పే మధులత మేడమ్ రాయించిన సూత్రాన్ని ఈసారి వేలుపెట్టి చదివింది. క్షారాల లెక్కలో ముందు వచ్చేది పీఓహెచ్. దాన్ని పద్నాలుగులోంచి తీసేస్తేనే పీహెచ్. ఆ చివరి మెట్టు మూడుసార్లూ మరిచిపోయింది.

పద్నాలుగులోంచి 4.74 తీస్తే 9.26.

కొత్త చార్టు రాసే టైం లేదు. గోరి పాత అంకె కొట్టేసి, పక్కన సరైనది రాసింది. నల్లా దగ్గరున్న యశోద దగ్గరికి పరుగెత్తింది.

"పసుపు మంచిదే యశోదా. నాదే తప్పు. ఊరికే నిన్నన్న. జల్దీ రా, సార్ వచ్చిండు!"

జడ్జి సార్ చార్టు చూసి కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఈ కొట్టివేత ఏంది?"

"నేను లెక్క తప్పు చేసిన సార్," అంది గోరి.

"మరి తప్పని ఎట్ల తెలిసింది?"

పది రోజులుగా అద్దం ముందు నిలబడి జడ్జికి చెప్పే మాటలు సాధన చేసిన గోరి, ఒక అడుగు వెనక్కి వేసింది. యశోద భుజం పట్టి ముందుకు నడిపింది.

"పట్టుకున్నది ఈమె సార్. ఈమెనే అడగండి."