తేనెటీగలు తెరిచే తలుపు

మైనగిరి కోట తలుపుకు గడియ లేదు, తాళం లేదు. పూర్వం ఒక ముని ఆ తలుపు పైనున్న రాతి తొర్రలో తేనెటీగలను నిలిపి, "వీటి ఝంకారం ఉన్నంతకాలం ఈ తలుపు మీ మాట వింటుంది" అని వరమిచ్చి వెళ్లాడు. అప్పటినుంచి తెల్లవారగానే ఈగలు ఝుమ్మనడం, తలుపు దానంతటది తెరుచుకోవడం, పొద్దుగూకగానే మూసుకోవడం.

ఆ ఈగలను చూసుకునే పని నూకాలమ్మది. తొర్ర కింద ఒక రాతి పీట ఉండేది. ఆమె దానిమీద కూర్చుని చెవి పైకి పెట్టి వినేది. తొలి వాన పడగానే జల్లు కొట్టకుండా తన పాత చీర ముక్కను తొర్రకు తెరలా కట్టేది. వానలు వెలియగానే విప్పేది. ఆ ఏడు తెర కట్టిన నెలకే నూకాలమ్మ జ్వరంతో కన్నుమూసింది.

కూతురు గవిరికి పన్నెండేళ్లు. రోజూ తొర్ర దగ్గరికి వచ్చేది, పీట పక్కన నిలబడి వినేది. పీట మీద మాత్రం కూర్చునేది కాదు.

వానలు వెలిసిన కొద్దిరోజులకు, ఒక ఉదయం ఈగల రొద మారింది. ఝుమ్మనవలసినవి మూలిగినట్టు వినిపించాయి. తలుపు జానెడు తెరుచుకుని ఆగిపోయింది. మరునాడు ఆ సందు ఒక వేలి మందం తగ్గింది. పాపం, వేటకు వెళ్లిన రాజుగారు బయట, ఆయన సింహాసనం లోపల. పెళ్లికూతురు లోపల, పెళ్లికొడుకు బయట.

గవిరి నిచ్చెనెక్కి తెర పక్కగా చేయి పెట్టి, తుట్టెలు ఒక్కొక్కటే చూసింది. అరల్లో ఒక్క గుడ్డు లేదు. రాణి ఈగ ఎక్కడా కనిపించలేదు.

"ఇంకేముంది, రాణి పోయింది," అని మంత్రి గుణనిధి తేల్చేశాడు. "ఉత్తరపు కొండ మీద ఎలుగు ముని తేనెటీగలను పెంచుతాడట. ఆయన్నడిగి కొత్త రాణిని తెచ్చి వేస్తే సరి. ఈ సందులోంచి దూరగలిగేది ఎవరు?"

అందరూ తమ తమ పొట్టలు చూసుకున్నారు. గవిరి పరికిణీ ఎగదోపింది.

"జాగ్రత్త తల్లీ," అన్నాడు మంత్రి గొంతు తగ్గించి. "సందు పూర్తిగా మూసుకుంటే తలుపు రాయైపోతుందని పెద్దలు చెప్పేవారు. పదకొండు వేళ్ల సందుంది. అంటే పదకొండు రోజులు."

బయట చింతచెట్టు కింద రాజుగారు రెండు రోజుల గడ్డంతో కూర్చుని ఉన్నాడు.

"అమ్మాయీ, లోపల నా దిండు ఉంటుంది, కాస్త..."

"ఈ సందులో పట్టదు ప్రభూ."

"పోనీ, ఆవకాయ?"

"తిరిగి వచ్చాక చూస్తాను ప్రభూ," అని గవిరి నడక సాగించింది.

సాయంత్రానికి అడవిలో వాగు అడ్డమొచ్చింది. రేవులో నడుంలోతు నీళ్లలో ఒంటిపన్ను రాక్షసుడు కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడికే పిల్లా?"

"ఎలుగు ముని దగ్గరికి. రాణి ఈగను అడగడానికి."

"ఉన్న రాణి పోయిందా?" అంటూ రాక్షసుడు నోరు గుహలా తెరిచాడు.

పోయిందని అనబోయి గవిరి ఆగింది. తుట్టెలో కంటితో చూసిందే చెప్పాలని అమ్మ ఎప్పుడూ అనేది.

"తెలియదు. కనిపించలేదు, అంతే."

రాక్షసుడు నోరు మూసేశాడు. "ఛ! నాకొక శాపముందిలే. తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పేవాళ్లను మాత్రమే తినగలను. ఇన్నాళ్లూ తిండికి లోటు లేదు. 'తెలియదు' అన్న మొదటి మనిషివి నువ్వే. మీ ఊళ్లో తెలిసినవాళ్లెవరైనా ఉంటే ఇటు పంపు."

"మంత్రిగారున్నారు గానీ, ఆయన సందులో పట్టరు," అంది గవిరి. రాక్షసుడు కడుపు పట్టుకుని నవ్వి దారి వదిలాడు.

మరునాటి సాయంత్రం కొండ మీద ఎలుగుబంటి కనిపించింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, కళ్లు మూసుకుని జపం చేసుకుంటోంది. చుట్టూ చెట్ల తొర్రల్లో తేనెటీగలు.

"తేనె మానేసి పన్నెండేళ్లయింది," అన్నాడు ఎలుగు ముని గుడ్డ చాటునుంచే. "వాసన సోకితే మళ్లీ మొదటికొస్తుంది. నీకేం కావాలి?"

గవిరి కథంతా చెప్పింది.

"రాణిని ఇవ్వను. లోపల ఒకతె ఉండగా ఇంకొకతెను వేస్తే ఈగలు చుట్టుముట్టి చంపేస్తాయి."

"ఉందో లేదో ఎలా తెలుస్తుంది తాతా?"

"ఈగలనే అడుగు. అవి నోటితో చెప్పవు, పనితో చెప్తాయి. ఇవాళే పెట్టిన గుడ్లున్న తుట్టె ముక్క ఇస్తాను. తీసుకెళ్లి మీ తొర్రలో పెట్టు. రాణి లేకపోతే ఆ గుడ్లలో కొన్నింటిని కొత్త రాణులుగా పెంచడానికి చిటికెనవేలి కొనంత గదులు కిందికి వేలాడేలా కడతాయి. ఉంటే కట్టవు. గుడ్లు మూడు రోజుల్లో పురుగులవుతాయి, ఆలోగా చేరాలి. చలి తగలకూడదు. అన్నట్టు, మీ ఈగలు ఎగిరే దారికి అడ్డమేమీ లేదు కదా?"

"ఏమీ లేదు తాతా," అంది గవిరి వెంటనే.

"సరే, ఆ తొర్రలోంచి నువ్వే కోసుకో. నేను అటు తిరిగి కూర్చుంటాను. వేళ్లు మాత్రం చప్పరించకు. ఆ చప్పుడు నేను తట్టుకోలేను."

గవిరి అరచేతంత ముక్క కోసి, మెత్తటి గుడ్డలో చుట్టి, గుండెలకు ఆనించి కట్టుకుంది. అదే వెచ్చదనంతో కొండ దిగింది. ఆగితే గుడ్లు చల్లారిపోతాయేమోనని నడుస్తూనే అటుకులు తింది.

వాగు దగ్గర రాక్షసుడు లేచి నిలబడ్డాడు. "ఇప్పుడైనా తెలిసిందా?"

"ఇంకా లేదు."

"నీళ్లు చల్లగా ఉన్నాయి, భుజమెక్కు." దాటిస్తూ రెండుసార్లు ముక్కు ఎగబీల్చాడు. "పిల్లా, నువ్వెక్కడో తెలియని మాట ఒకటి తెలిసినట్టు చెప్పావు. వాసన వస్తోంది. నాతో చెప్పలేదు గనక బతికిపోయావు."

ఏం చెప్పానా అని గవిరి దారంతా ఆలోచించింది. గుర్తుకు రాలేదు.

కోట చేరేసరికి ఎనిమిది వేళ్ల సందే మిగిలింది. ఊపిరి బిగబట్టి, పక్కకు తిరిగి, చెవులు గీరుకుంటూ దూరింది. తుట్టె ముక్కను తొర్రలో, ఈగలు గుంపుగా ఉన్నచోట నిలబెట్టింది.

మూడు రోజులు ఊరంతా ఎదురుచూసింది. మూడో రోజు గవిరి నిచ్చెనెక్కి ఆ ముక్కను తిప్పి తిప్పి చూసింది. గుడ్లు పురుగులయ్యాయి, ఈగలు వాటికి మేత పెడుతున్నాయి. వేలాడే గది మాత్రం ఒక్కటీ లేదు.

"అయ్యో, వాటికి ఆశ పోయింది," అన్నాడు మంత్రి.

"కాదండీ. కట్టలేదంటే లోపల రాణి ఉంది. గుడ్లు లేవంటే అది పాతది కాదు, పాతది పోయాక ఈగలు పెంచుకున్న పిల్ల రాణి. ఒకసారి ఎండలోకి ఎగిరి, మగవైన పోతుటీగలను కలిసి వస్తేగాని గుడ్లు పెట్టదు."

"మరి ఎందుకు ఎగరలేదు? రోజూ ఎండ కాస్తూనే ఉందిగా?"

గవిరి తల తిప్పింది. తన ముఖం పక్కనే అమ్మ చీర ముక్క వేలాడుతోంది. కూలి ఈగలు దాని అంచున ఉన్న చిన్న సందులోంచి దూరి వస్తున్నాయి. వాటికంటే పెద్దదైన రాణికి ఆ దారి చాలదు. అడ్డమేమీ లేదని తాతతో తానే చెప్పింది. ఆ ముడి అమ్మ వేసింది. అందుకే ఇన్నాళ్లూ దాన్ని ముట్టలేదు, అడ్డమనీ అనుకోలేదు.

వానకు నాని బిగుసుకున్న ముడి. కొయ్యమన్నారు ఎవరో. గవిరి కొయ్యలేదు. గోళ్లతో, పళ్లతో, నెమ్మదిగా విప్పింది. తొర్రలోకి ఎండ పడింది.

మధ్యాహ్నం పొడవాటి ఈగ ఒకటి తొర్ర గుమ్మానికి వచ్చి, రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ వచ్చి, ఎగిరిపోయింది.

"పిట్టలు పట్టుకుంటాయేమో," అంది గవిరి. అంతే, పిల్లలంతా గోడలెక్కి పళ్లాలు మోగించారు. బయటనుంచి రాజుగారు డాలు మీద కత్తితో వాయించాడు. పిట్ట ఒక్కటీ ఆ చుట్టుపక్కల వాలలేదు. కాసేపటికి రాణి తిరిగొచ్చి తొర్రలోకి వెళ్లిపోయింది.

రాణి ఎగిరొచ్చిన నాలుగో తెల్లవారికి సందు ఒక్క వేలి మందమే మిగిలింది. గవిరి నిచ్చెనెక్కింది. అరకొక్క గుడ్డు, సన్నని నూకలా నిలబడి ఉంది. ఆమె దిగి నోరు తెరిచేలోపే తొర్ర ఝుమ్మంది. తలుపు గోడదాకా తెరుచుకుంది. పెళ్లికొడుకు ముందు పరుగెత్తాడు, రాజుగారు వెనక.

ఆవకాయ ముద్ద రెండు తిన్నాక రాజు అడిగాడు. "ఏం కావాలో కోరుకో తల్లీ."

"వచ్చే ఏడు తొలి వానకు తెర కట్టాలి ప్రభూ. వానలు వెలిశాక విప్పాలి. ఆ పని నాకివ్వండి."

"ఇచ్చాను," అన్నాడు రాజు.

గవిరి చీర ముక్కను నాలుగు మడతలు పెట్టి రాతి పీట మీద వేసింది. దానిమీద కూర్చుని చెవి పైకి పెట్టింది. మంత్రి దగ్గరికి వచ్చి, "ఏమంటున్నాయమ్మా?" అని అడిగాడు.

"తెలియదు మంత్రిగారూ," అంది గవిరి. "వింటున్నాను."