ఒక్క మాట మింగిన చిలక

పదీ ఇరవైకి ల్యాబ్ మెట్ల మీద కెమిస్టును కాల్చేశారు. ప్రాణం పోయే ముందు ఆయన ఏజెంట్ గొళ్ళెం చేతిలో ఒక పెన్ను పెట్టి, "మందు సీసా మార్చేశారు. పొడి కలిసిన చుక్క తగిలితే దీని పాళీ ఎర్రబడుతుంది" అన్నాడు. అంతే.

గొళ్ళెం పెన్ను జేబులో వేసుకుని పరుగెత్తాడు. పదకొండింటికి ఆ మందు ఎక్కించబోయేది అతని చెల్లెలికే. రోగాలతో పోరాడాల్సిన T సెల్సే ఆమె నరాలను కొరికేస్తున్నాయి. ఇప్పటికే ఒక కన్ను పోయింది.

చెవిలోని రేడియోలో చీఫ్ గొంతు గరగరలాడింది.

"విను. సీసాలో ఉండాల్సినవి మచ్చిక చేసిన డెండ్రైటిక్ సెల్స్. మన గేటు దగ్గరి పద్ధతే ఇక్కడా. ఫోటో చూపించి 'నిప్పు' అంటే గార్డు కాలుస్తాడు. చూపించి ఊరుకుంటే మనవాడని వదిలేస్తాడు. ఈ సెల్స్ కూడా నరం ముక్కను T సెల్‌కి చూపించి ఊరుకుంటాయి. అలా చూసీ చూసీ T సెల్ చల్లబడుతుంది."

"మరి ఆ పొడి?"

"బ్యాక్టీరియా పొడి. అది తగిలితే ఆ సెల్సే 'నిప్పు' అని అరుస్తాయి. పిల్లకి రెండో కన్నూ దక్కదు. మన మందు పేరు చెడగొట్టడానికి విదేశీ ముఠా వేసిన ఎత్తు ఇది."

"ఆస్పత్రికి ఫోన్ చెయ్యండి సార్!"

"లైన్లు కోసేశారు. పైగా నువ్వే ద్రోహివని నీ ఫోటో ఆస్పత్రి గేటుకి చేరింది. అక్కడ డ్యూటీ చిలకది. తను రెండు వైపులా పనిచేస్తోందని ఇప్పుడే తెలిసింది."

చిలక గొళ్ళేనికి మాజీ భార్య. ఏ దేవుడికి మొక్కాలో కూడా అతనికి తోచలేదు.

పది యాభై నాలుగు. గొళ్ళెం ఒంటిమీద వార్డుబాయ్ నీలం యూనిఫారం, మాస్కు, చేతిలో ఆక్సిజన్ సిలిండర్ల బండి. గేటు దగ్గర నలుగురు గార్డులు. నల్లకళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్‌తో చిలక. ఆమె పక్కన డాక్టరు కోటులో ముఠా మనిషి.

"ఆగు."

చిలక వంగి బండి తడిమింది. లేచి అతని మాస్కు కిందికి లాగి, ఫోటో ఎత్తి గార్డులకు చూపించింది. నాలుగు తుపాకులు లేచాయి. ఇక ఒక్క మాటే మిగిలింది. గొళ్ళెం కళ్ళు మూసుకున్నాడు. 'నేను పోతే పోయాను, చెల్లి గుడ్డిదైపోతుందే' అనుకున్నాడు.

"చెప్పవేం?" కోటువాడు పళ్ళు నూరాడు.

చిలక పెదవి విప్పలేదు. తుపాకులు దిగాయి. గార్డులు దారిచ్చారు.

కోటువాడి చెయ్యి జేబులోకి పోయింది. చిలక హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఇంకో ఫోటో తీసింది. అది వాడిదే.

"నిప్పు."

వెనక తుపాకుల పేలుడు వినబడేసరికి గొళ్ళెం లిఫ్టులో ఉన్నాడు. సిలిండర్ల సందున ఒక చల్లటి ఫ్లాస్కు తగిలింది. లోపల ఇంకో మందు సీసా. చిలక బండి తడిమింది ఇందుకన్నమాట!

ఐదో అంతస్తులో సూది చెల్లెలి చర్మం మీద ఆనింది.

"సిస్టర్, ఆపండి!"

సూదిలోంచి ఒక చుక్క పెన్ను మీద పడింది. పాళీ ఎర్రబడింది. తుడిచి, ఫ్లాస్కులోని సీసా నుంచి ఇంకో చుక్క వేశారు. రంగు మారలేదు. సిస్టర్ ఆ మందే ఎక్కించింది.

"అన్నయ్యా, ఎందుకు ఏడుస్తున్నావ్?" అంది చెల్లెలు, ఉన్న ఒక్క కంటితో అతన్ని చూస్తూ.

రేడియో మళ్ళీ గరగరలాడింది. "చిలక నిన్నెలా వదిలిందోయ్?"

గొళ్ళెం ముక్కు తుడుచుకున్నాడు. "మూడేళ్ళ కాపురంలో కాసేపు నోరు మూసుకోమని రోజూ బతిమాలాను సార్. ఇన్నాళ్ళకి విన్నది."