కుడి చక్రం

దెయ్యాలంటే భయపడే రకం కాదు నేను. ఒహాయోలో ముప్పై ఏళ్లు కార్ల కింద వెల్లకిలా పడుకుని బతికినవాణ్ణి.

మా అమ్మాయి కోరిన్ పెళ్లి శనివారం. చర్చికి పెద్ద ఇంజనున్న నా పాత మజిల్ కారులోనే తీసుకెళ్తానని దాని పదో ఏటనే మాటిచ్చాను. తీరా గురువారం కారు వెనక ఇరుసు పుటుక్కుమంది. తుక్కు యార్డుకి పరిగెత్తి, యాక్సిడెంటులో నుజ్జునుజ్జయిన ఓ ఎర్ర కారు కిందనుంచి సరిపోయే ఇరుసు విప్పుకొచ్చాను.

శుక్రవారం మధ్యాహ్నానికల్లా బిగించేశాం, నేనూ మా తమ్ముడు ఆరినూ. కారు ఇంకా స్టాండ్ల మీదే ఉంది, వెనక చక్రాలు గాల్లో. గ్యారేజీ నిండా పాత గేరు ఆయిలు కంపు.

"కింద దూరి షాఫ్టు చూడరా. ఎడమ చక్రం తిప్పుతా," అన్నాను.

ఈ రకం ఇరుసులో ఎడమ చక్రం ముందుకి తిప్పితే కుడిది వెనక్కి తిరుగుతుంది, మధ్యలో ఇంజను వైపునుంచి ఇరుసుకొచ్చే షాఫ్టు కదలదు. కుడి చక్రాన్ని ఎవరైనా గట్టిగా పట్టుకుంటేనే షాఫ్టు తిరుగుతుంది.

తిప్పాను.

"అన్నయ్యా... షాఫ్టు తిరుగుతోంది," అన్నాడు కిందనుంచి.

"కుడి చక్రం వదలరా. వేళాకోళానికి ఇదా టైము?"

"నేనెక్కడ పట్టుకున్నాను?"

గ్యారేజీలో మూడో మనిషి లేడు.

మళ్లీ తిప్పాను. బరువుగా... ఆగి ఆగి... అవతల ఎవరో పళ్లు బిగించి పట్టుకున్నట్టు. ఉన్నట్టుండి వదిలేశారు. కుడి చక్రం గిర్రున వెనక్కి తిరిగింది.

ఆరిన్ పాక్కుంటూ బయటికొచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"పీకి పారేద్దాం అన్నయ్యా. పిల్లని నా ట్రక్కులో తీసుకెళ్దాం."

"నోర్ముయ్. మాటిచ్చాను." నా వెధవ మొండితనం నాది.

శనివారం పొద్దున్నే ఒక్కణ్ణే ఊరంతా తిప్పి చూశాను. కారు సాఫీగా నడిచింది. పదకొండింటికి కోరిన్ తెల్లగౌను ఎత్తిపట్టుకుని వెనక సీటెక్కింది. గేరు వేశాను.

కారు కదల్లేదు. ఎడమ చక్రం ఒక్కటే ఉన్నచోటే తిరుగుతూ గులకరాళ్లు చిమ్ముతోంది. కుడివైపు చక్రం బిగుసుకుపోయింది.

"దిగమ్మా," అన్నాను. "దిగు..."

కోరిన్ దిగలేదు. కుడివైపు కిటికీలోంచి కిందికి చూస్తోంది.

"పాపం, ఎంతసేపట్నుంచి పట్టుకున్నావో," అంది మెల్లగా. నాతో కాదు. "చేతులు చూడు ఎలా అయ్యాయో. వదిలెయ్. ఎక్కు."

కుడివైపు తలుపు తెరుచుకుంది. మూసుకుంది.

కారు దానంతటదే ముందుకి సాగింది. బ్రేకు మీద కాలుంది, నొక్కే సత్తువ లేదు. అద్దంలో చూశాను. నా కూతురు గౌను ఒద్దికగా ఒళ్లోకి లాక్కుని, పక్కన ఇంకొకరికి చోటిచ్చి కూర్చుంది.