అర్థం కాని పిల్ల

2078 నాటికి రాష్ట్రంలో ఏ ఇద్దరు కొత్తవాళ్లు కలిసినా పేరు తర్వాత అడిగే ప్రశ్న ఒకటే: "మీ బడి ఎంత?" ఊరి పొలిమేరలో ఊరి పేరు కింద జనాభా బదులు బడి అంకె రాసేవారు. బస్సులో పక్కసీటు మనిషి "మాది అరవై ఒకటండీ" అంటే గొంతులో కాస్త ధీమా వినిపించేది. "ముప్పై నాలుగు" అన్నవాడు వెంటనే కిటికీలోంచి బయటికి చూసేవాడు. ప్రైవేటు బడులు చట్టంతో మూతపడి అప్పటికి ఇరవై ఏళ్లు. అన్నీ సర్కారు బడులే. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి బడి.

ఆ అంకెకు కారకురాలు డాక్టర్ మందాకిని. ఆమె కనిపెట్టింది పిల్లలు తలకు కట్టుకునే పలచటి పట్టీ. శాస్త్రీయంగా దాని పేరు గ్రహణమాపకం. ఇంగ్లీషు పత్రికలు కాగ్నోమీటర్ అనేవి. కొత్త విషయం ఒకటి మనసులో పాత విషయాలతో ముడిపడిన క్షణాన నాడీకణాల మధ్య ఒక ప్రత్యేకమైన విద్యుత్ లయ పుడుతుందని ఆమె తన పరిశోధనలో పట్టుకుంది. బట్టీపట్టినప్పుడు ఆ లయ పుట్టదు. పట్టీలోని న్యూరల్ సెన్సర్లు దాన్ని గుర్తించి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిల్లలో ఎరుక ఎంత పెరిగిందో వందలో ఇంతని చెబుతాయి. రాష్ట్రంలోని పట్టీలన్నిటి కొలతలనూ 'ఎరుక' అనే యంత్రం కూడగట్టి ఒక్కో బడికి ఒక్కో అంకె ఇస్తుంది.

"పరీక్షలు ఇంటిని కొలుస్తాయి. నా పట్టీ బడిని కొలుస్తుంది" అని ఆమె మొదటిరోజే చెప్పింది. తక్కువ అంకె వచ్చిన ప్రాంతాలకు ముందుగా మంచి టీచర్లను పంపాలన్నది ఆమె ఆలోచన. రెండేళ్లు అలాగే జరిగింది కూడా. మూడో ఏడు విద్యా తులన మండలి ప్రాంతాలవారీగా జాబితా వేసి బయటపెట్టింది. ఆ తర్వాత టీచర్లను పంపే మాట ఎవరూ ఎత్తలేదు. ఎవరు ఎవరికంటే పైన ఉన్నారన్నదే మాట.

జాబితాకెక్కకపోయినా మందాకినిని అన్నిటికంటే బాధపెట్టే అంకె ఒకటి ఆమె ఇంట్లోనే ఉంది. కూతురు చార్వికి తొమ్మిదేళ్లు. రాజధానిలో ఇళ్లు మారుతూ మూడు బడులు మారినా ఆ పిల్ల కొలత ముప్పై మూడు దాటలేదు. పట్టీ కనిపెట్టిన మనిషి కూతురు ఇలాగేమిటని ఎవరూ మొహాన అనలేదు. అనకపోవడమే ఆమెకు గుచ్చుకునేది.

ఒక సోమవారం పొద్దున ఎరుక ఆమెతో చెప్పింది: "జొన్నగుడ ప్రాథమిక పాఠశాల. తొంభై ఒకటి."

రాష్ట్రంలో అంతవరకూ అత్యధికం అరవై నాలుగు.

"పరికరంలో లోపమా?" అంది మందాకిని.

"మూడుసార్లు సరిచూశాను. లోపం లేదు. కొలత ప్రకటించమంటారా?"

"వద్దు. ముందు నేను వెళ్లి చూస్తాను."

జొన్నగుడ తూర్పు కొండల్లో ఉంది. ఒకటే గది, ఇరవై ఇద్దరు పిల్లలు, పాంగి బుల్లెమ్మ అనే యాభై అయిదేళ్ల టీచరు. మందాకిని వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ రోజు పాఠం భిన్నాలు. ఒక చిలగడదుంపను సగానికి కోసి, సగాన్ని మళ్లీ సగం చేసి, "ఇదెంత?" అంది బుల్లెమ్మ. పిల్లలు "పావు" అన్నారు. రెండో వరసలో బక్కపలచటి పిల్ల ఒకతె తల అడ్డంగా ఊపింది. పేరు సోమ్రి.

"అర్థం కాలేదు" అంది.

పాఠం అక్కడ ఆగిపోయింది. బుల్లెమ్మ ఏమీ అనకుండా కుర్చీలో కూర్చుంది. ఒక పిల్లాడు లేచి గడ్డిపరక తుంచి చూపించాడు. సోమ్రి తల ఊపింది, కాదని. ఇంకొక పిల్ల నేలమీద గీత గీసింది. ఇంకొకరు తమ ఇళ్లల్లో అంబలి ఎలా పంచుతారో చెప్పారు. చెప్పేవాళ్లు మధ్యలో తడబడి, తమకే సరిగా తెలియదని తెలుసుకుని, ఆగి, మళ్లీ మొదలెట్టారు. నలభై నిమిషాలు పట్టింది. చివరికి సోమ్రి "ఆఁ, నాలుగు కలిస్తే ఒకటి" అంది. అందరూ తర్వాతి లెక్కకు వెళ్లారు. మందాకిని చేతిలోని తెరమీద ఇరవై రెండు కొలతలూ పైపైకి పోతున్నాయి. ఆమె అంకెలనే చూసింది.

సాయంత్రం పిల్లలు వెళ్లాక బుల్లెమ్మ అడిగింది. "ఎంతొచ్చిందమ్మా మా బడికి?"

"తొంభై ఒకటి, టీచరుగారూ. రాష్ట్రంలో మీరే మొదలు."

బుల్లెమ్మ మొహంలో సంతోషం కనబడలేదు. "అది రాయకండమ్మా. మంచిదేదన్నా ఇక్కడుందని తెలిస్తే కిందోళ్లు ఊరుకోరు. జలపాతం బాగుందన్నారు, ఇప్పుడు దానిసుట్టూ కంచె ఉంది. మేం సూడాలన్నా టిక్కెట్టే."

"నిజం దాచడానికి కాదు కదండీ నేను పరికరం చేసింది. మీకు మంచే జరుగుతుంది. కొత్త గదులు వస్తాయి."

"ఇరవై ఇద్దరికి గదులెందుకమ్మా?"

మందాకిని చేతిలోని తెర ఆపేసింది. తర్వాత మెల్లగా అంది, "ఇరవై ముగ్గురు చేసుకుంటారా? నాకో కూతురుంది."

బుల్లెమ్మ హాజరుపట్టీ ముందుకు లాక్కుంది. "తే అమ్మా. బిడ్డదేటి తప్పు."

జొన్నగుడలో పరిశోధన కేంద్రమని రాయించి మందాకిని తన నివాసాన్ని అక్కడికి మార్చుకుంది. కూతురి పేరు హాజరుపట్టీలో ఎక్కిన రెండోరోజుకు గాని ఆ తొంభై ఒకటి నివేదికను మండలికి పంపలేదు.

మూడు వారాల్లో చార్వి కొలత యాభై ఎనిమిదికి చేరింది. ఒకరోజు పరుగెత్తుకుంటూ వచ్చి, "అమ్మా, ఇవాళ సోమ్రికి భాగహారం నేనే చెప్పాను! ఎవరు చెప్పినా అర్థం కాలేదు, నేను చెబితే అయింది!" అంటూ గంతులు వేసింది. కూతురు అలా నవ్వగా మందాకిని చూసి రెండేళ్లయింది.

అంతలో జాబితా వెలువడింది.

మొదటివారం తొమ్మిది కుటుంబాలు వచ్చాయి. మందాకిని ఎలా నివాసం మార్చుకుందో కనుక్కుని అందరూ అదే పని చేశారు. నెల తిరిగేసరికి కొండవాలులో ఉన్న జొన్నచేలల్లో రేకుల ఇళ్లు లేచాయి. మూడు నెలలకు బడిలో నూట నలభైమంది పిల్లలు. మండలి పంపిన ఇద్దరు కొత్త టీచర్లు గబగబా ఇంగ్లీషులో పాఠం చెప్పి ముగించేవారు. ఇంట్లో కొండభాష మాట్లాడే పిల్లలు వెనకబడ్డారు. బడి అంకె యాభైకి పడింది.

కొత్త తల్లిదండ్రులు కమిటీ కట్టారు. గదిలో నలభైమందికి మించి ఉంచకూడదని, ఎక్కువ కొలతలున్న నలభైమందినే ఉంచి మిగతావాళ్లను పద్నాలుగు కిలోమీటర్ల అవతల హాస్టలు బడికి పంపాలని తీర్మానించారు. తమ పిల్ల ఆ నలభైలో ఉంటుందని ఎవరి ధీమా వారిది. తీర్మానం చదివింది మండలి కమిషనర్ ప్రభంజనరావు. శాస్త్ర సలహాదారుగా మందాకిని ఆయన పక్కనే కూర్చుంది.

ముప్పై తొమ్మిది పేర్లు తేలాయి. నలభయ్యో చోటు దగ్గర రెండు పేర్లు మిగిలాయి. చార్వి, నలభై ఏడు. సోమ్రి, నలభై ఆరు.

గది చివర నిలబడి ఉన్న బుల్లెమ్మ ముందుకొచ్చింది. "అమ్మా, ఒకటే అంకె. అది నిజంగా తేడాయేనా? మీ మెషిను సంగతి మీకంటే ఎవురికి తెలుసు?"

పట్టీ కొలతలో అటూ ఇటూ రెండు పాయింట్ల దాకా తేడా రావచ్చు. అంటే నలభై ఆరుకూ నలభై ఏడుకూ మధ్య తేడా ఉందని చెప్పడానికి వీల్లేదు. ఆ సంగతి మందాకిని తన మొదటి పరిశోధన పత్రంలో రెండో పేజీలోనే రాసింది. ఆ గదిలో ఉన్నవాళ్లెవరూ అది చదవలేదు.

"యంత్రం చూపించిందే నేను చెప్పగలను, టీచరుగారూ" అంది.

సోమ్రి పలక చంకలో పెట్టుకుని జీపెక్కింది. చార్వి ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. "సోమ్రి ఎందుకెళ్లిపోయింది?" అని ఒకటే అడిగింది. మందాకిని పట్టీ తీసి తల దువ్వింది.

తర్వాతి నెలలో బుల్లెమ్మను ఆదర్శ ఉపాధ్యాయురాలిగా సన్మానించి రాజధానికి బదిలీ చేశారు. అక్కడ ఆమె పని వందలమంది టీచర్లకు అంకె పెంచే కిటుకు నేర్పడం. "కిటుకేటీ లేదు బాబూ" అని చెప్పీ చెప్పీ, నలభై రోజులకు రాజీనామా రాసిచ్చి కొండకు వెళ్లిపోయింది. జొన్నగుడ అంకె అప్పటికి ముప్పై తొమ్మిది. వచ్చినవాళ్లు ఎలా వచ్చారో అలాగే వెళ్లిపోయారు. రేకుల ఇళ్లు మిగిలాయి, జొన్నచేలు మిగల్లేదు. మందాకిని కూడా కూతుర్ని తీసుకుని రాజధానికి వచ్చేసింది. చార్వి కొలత మళ్లీ ముప్పైల్లో పడింది.

"అంకె ఎందుకు పడింది?" అని ఆమె ఎరుకను అడిగింది.

"తొంభై ఒకటి ఉన్న రోజుల్లో పిల్లల ఎరుక పెరిగిన నిమిషాలను విడదీశాను. నూటికి డెబ్బై నిమిషాలు టీచరు చెబుతున్నప్పటివి కావు, ఒక పిల్ల మరో పిల్లకు చెబుతున్నప్పటివి. ఎక్కువసార్లు చెప్పించుకున్న పిల్ల పేరు సోమ్రి. ఆమె ఇప్పుడు ఆ బడిలో లేదు."

మందాకిని గొంతు పెంచింది. "ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అంకె అడిగారు. కారణం అడగలేదు."

వారంపాటు కూర్చుని ఆమె నివేదిక రాసింది. వెనకబడిన పిల్లలను బడినుంచి తీసేయడమంటే బడి ప్రాణం తీయడమేనని, జొన్నగుడ పిల్లలను వెనక్కి పిలిపించాలని, బుల్లెమ్మను బతిమాలి తీసుకురావాలని రాసింది. రాస్తున్నంతసేపూ తన తప్పు కాస్త కడుక్కుంటున్నట్టే అనిపించింది.

ప్రభంజనరావు దాన్ని రెండుసార్లు చదివాడు. మూడోసారి చదివేటప్పుడు లేచి నిలబడ్డాడు.

"అద్భుతం డాక్టరుగారూ! అంటే ప్రతి మంచి బడికీ అర్థం కాని పిల్ల ఒకతె కావాలన్నమాట!"

"నేను అన్నది అది కాదండీ..."

"మీ సైన్సే కదండీ అంటోంది."

ఆ ఏడే 'ప్రశ్నార్థి పథకం' మొదలైంది. కొండప్రాంతాల్లోనూ ఎండుసీమల్లోనూ అతి తక్కువ కొలతలున్న పిల్లలను ఎంపిక చేసి, రాజధాని బడుల్లో తరగతికి ఒకరిని కూర్చోబెట్టారు. పెద్ద బడిలో చదువు, మూడుపూటలా భోజనం, పాఠాలన్నీ అర్థమయ్యాక ఇంటికి పంపుతామని తల్లిదండ్రులకు చెప్పారు. ప్రశ్నార్థుల కొలతలను బడి అంకెలో కలపలేదు. రాజధాని అంకె ఒక్క ఏడాదిలో ఎనభై దాటింది. పిల్లలను పంపిన ఊళ్ల అంకె ఇరవైకి దిగింది. జాబితాలో ప్రాంతాల మధ్య ఇంత దూరం ఇంతకుముందు ఎప్పుడూ లేదు. రాజధానివాళ్లు పండగ చేసుకున్నారు.

చార్వి తరగతికి సోమ్రినే కేటాయించమని ఉత్తరం రాసింది మందాకినే. తెలిసిన పిల్ల దగ్గరైతే సోమ్రికి బెంగ ఉండదని తనకు తాను చెప్పుకుంది.

ఏడాది చివర ప్రశ్నార్థుల తనిఖీకి ఆమె ఆ బడికి వెళ్లింది. సోమ్రి గది మధ్యలో కుర్చీలో కూర్చుని ఉంది. చుట్టూ నలభై బల్లలు. పొద్దున్నుంచి వంతులవారీగా పిల్లలు వచ్చి ఆమెకు పాఠం చెప్పి వెళుతున్నారు. చార్వి కొలత ఎనభై నాలుగు.

మందాకిని సోమ్రి పట్టీని తన తెరకు కలిపి చూసింది. భిన్నాలు, భాగహారం, వాక్యాలు, నీటి చక్రం. ఒక్కో పాఠం పక్కన ఒక్కో పచ్చదీపం వెలిగింది. ఎర్రదీపం ఒక్కటి లేదు. సోమ్రికి అంతా వచ్చు.

"అన్నీ వొచ్చేసినయమ్మా" అంది సోమ్రి గుసగుసగా. "ఇంక ఇంటికి పంపుతారు గదా? బుల్లెమ్మ టీచరు నాకోసం గేటుదాకా వొచ్చిందంట. లోపలికి రానీలేదంట."

తరగతి టీచరు దగ్గరికొచ్చింది. "మేడమ్, ఈ పాపకు అన్నీ వచ్చేసినట్టయితే ఈవారమే పంపించెయ్యాలి. కొత్త పిల్ల దొరికేసరికి ఆర్నెల్లు పడుతుంది. ఏం రాయమంటారు?"

కిటికీ పక్క బల్లమీద చార్వి తలవంచుకుని ఏదో గీస్తోంది. సోమ్రికి రేపు చెప్పాల్సిన పాఠం కోసం బొమ్మ.

మందాకిని సోమ్రి తలమీదినుంచి పట్టీ విప్పి సంచిలో పెట్టుకుంది. తెరమీద పచ్చదీపాలు ఆరిపోయాయి. ఖాళీ అయిన గడిలో వేలితో రెండు మాటలు రాసి టీచరు చేతికిచ్చింది.

సోమ్రి మెడ చాచి ఆ తెరకేసి చూసింది. "అర్థం కాలేదు" అని, ఎక్కడా కూడబలుక్కోకుండా, ఒక్క గుక్కలో చదివింది.