ఠండీ పులియా దగ్గర రెండు సీట్ల కారు

వసంత్ కుంజ్‌లో మా అపార్ట్‌మెంట్ల వెనక నుంచి, అడవి అంచునే, ఆర్కే పురం వైపు ఒక రోడ్డు పోతుంది. మధ్యలో పల్లం, ఆ పల్లంలో చిన్న కల్వర్టు. ఇక్కడి వాళ్ళు దాన్ని ఠండీ పులియా, అంటే చల్లటి కల్వర్టు, అంటారు. మే నెల ఎండలో కూడా అక్కడికొచ్చేసరికి ఒళ్ళు చల్లబడుతుంది. చలికాలంలో అయితే ఇంకెక్కడా లేకపోయినా అక్కడ మాత్రం పొగమంచు పాలు ఒలకబోసినట్టు పడుంటుంది.

ఆ చోటుకి పేరు మంచిది కాదు.

చీకటి పడ్డాక ఆ పల్లంలోకి దిగిన బండి మీద ఒక ఆడమనిషి గాజుల చేత్తో కొడుతుందట. టిక్... టిక్... టిక్... అంతే, బండి ఆగిపోతుంది. మా సెక్యూరిటీ గార్డు చెప్తాడు, పాల భయ్యా చెప్తాడు, మా ఆవిడా చెప్తుంది. ఆవిడ ఎప్పుడు చూసిందని మాత్రం అడక్కండి, నాకు రాత్రికి భోజనం కావాలి.

ఇప్పుడు చెప్పబోయేది నేను చూసింది కాదు. మా పై అంతస్తు భీమేశ్వరరావు గారికి జరిగింది. ఆయన చెప్తూంటే వాళ్ళావిడ లలితకుమారి గారు మధ్యమధ్యలో సరిదిద్దారు. నేను పకోడీలు తింటూ విన్నాను.

రావు గారు కేంద్ర ప్రభుత్వంలో చేసి, సరోజినీ నగర్ క్వార్టర్లలోనే జుట్టు తెల్లబడి, రిటైరయ్యాక ఇక్కడికొచ్చారు. అందరూ రిటైరయ్యాక కాశీకి పోతారు, ఈయన కారు కొన్నారు. అరవైల నాటి ఇంగ్లీషు వాళ్ళ స్పోర్ట్స్ కారు. ఆకుపచ్చ రంగు, రెండే సీట్లు, నేలకి జానెడు ఎత్తు. అందులో ఎక్కడమంటూ ఉండదు, పడటమే.

ఆ కాలం కార్లలో ఇంజిన్‌కి నిప్పురవ్వ అందించడానికి పాయింట్లని చిన్న రేకులుంటాయి. అవి మాటిమాటికీ నల్లబడతాయి, గరుకు కాగితం పెట్టి రుద్దాలి. ఆయన విసిగిపోయి, దసరా ముందు అవి పీకేసి ఎలక్ట్రానిక్ కిట్టు పెట్టారు. దానికి జోడీగా ఎక్కువ బలం ఉన్న కొత్త కాయిలు. కాయిలంటే చేతి టార్చిలైటంత డబ్బా, రవ్వకి జోరు అక్కణ్ణుంచే వస్తుంది. కరోల్ బాగ్‌లో కొనుక్కొచ్చి, ఫోన్లో వీడియోలు చూస్తూ సొంత చేత్తో బిగించారు. ఒక్క తిప్పుకి స్టార్టయింది. ఆ వేళ మా ఇంటికి లడ్డూలొచ్చాయి.

చలి మొదలైంది. కారు ఆగడం మొదలైంది.

ఎక్కడ? పులియా దగ్గర. ఎప్పుడు? పొద్దు గుంకాక. పగలు ఇంటి ముందు ఎంతసేపు ఉంచినా కుట్టుమిషన్‌లా ఆడుతుంది. సాయంత్రం ఆ పల్లంలోకి దిగిందా... దగ్గు, ఇంకో దగ్గు, నిశ్శబ్దం. తోయించుకుని ఇంటికి తెచ్చుకోవడం, పొద్దున్నే చూస్తే మళ్ళీ కుట్టుమిషన్.

ప్లగ్గులు మార్చారు. వైర్లు మార్చారు. రవ్వ పంచే మూత మార్చారు. కాయిల్ని మాత్రం ముట్టుకోలేదు. నిన్నగాక మొన్న కొన్నది, దానికేం రోగమని. పెద్ద పెద్ద ఫైళ్ళు తేల్చిన మనిషి, మెట్ల మీద కూర్చుని తల పట్టుకుని, "నాకిక చేతకాదండీ" అన్నారు నాతో. నేనేం చెప్తాను? నాకు స్కూటర్ కిక్కు కొట్టడమే సరిగ్గా రాదు.

లలిత గారికి ఆ కారంటే పడదని మాకందరికీ తెలుసు. ఒక్కసారి కూడా ఎక్కలేదు. గుర్‌గావ్‌లో ఒకాయన కారు కొంటానని అడుగుతున్నాడు. మొన్న డిసెంబర్లో ఆవిడ ఒక మాటన్నారు. "ఇవాళ గుడికి నన్ను అందులోనే తీసుకెళ్ళండి. ఆగకుండా వెళ్ళి వచ్చామా, ఇంక నోరెత్తను. ఆగిందా... ఆయనకిచ్చెయ్యండి."

రావు గారు సరేనన్నారు.

బయల్దేరారు. ఆవిడ తెల్లటి శాలువా తలమీదుగా కప్పుకున్నారు. కారుకి పైన కప్పు గుడ్డదే, అందులోంచి చలి సూదుల్లా దిగుతోంది. రోడ్డు పల్లంలోకి వంగింది. లైట్ల ముందు తెల్లగా గోడ కట్టినట్టు మంచు...

"వచ్చిందా?" అన్నారు ఆవిడ, మెల్లిగా.

"ఊఁ."

ఇంజిన్ దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది.

ఆయన తాళం తిప్పారు. ఇంజిన్ గరగరమని తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. ఆ గరగరలోంచి... సన్నగా...

టిక్... టిక్... టిక్...

బానెట్ మీద. సరిగ్గా గాజులు తగిలినట్టే.

ఆయన చెయ్యి తీసేశారు. చప్పుడు ఆగింది. మళ్ళీ తిప్పారు. టిక్... టిక్... ఈసారి బానెట్ సందులోంచి నీలంగా ఒక వెలుగు — వచ్చింది, పోయింది, వచ్చింది.

"ఏవండీ," అన్నారావిడ. "లోపల ఎవరో ఉన్నారు."

వెనక నుంచి కార్లొస్తున్నాయి. ఆ చోటు సంగతి తెలిసినవాళ్ళే అందరూ. ఒక్కడూ ఆగడు. హారన్ కొట్టి ఇంకా జోరుగా పోతారు. కాయిల్ అమ్మిన కరోల్ బాగ్ మెకానిక్‌కి ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడు. ముందుకి తోయాలంటే ఎత్తు, వెనక్కి తోయాలన్నా ఎత్తే. ఆయన స్టీరింగ్ పట్టుకుని ఊరికే అలా కూర్చున్నారట. "భయం కాదండీ," అన్నారు నాతో. "రేపణ్ణుంచి ఇంటి ముందు దాని చోటు ఖాళీగా ఉంటుందే అని."

చివరికి లేచారు. పోయేది ఎలాగూ పోతుంది, ఆ దెయ్యం మొహమైనా చూద్దామని.

బానెట్ ఎత్తి, ఫోన్ లైటు ఆర్పేశారు. "లలితా, నువ్వు తాళం తిప్పు."

"నేనా?"

"నువ్వే."

ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని తిప్పారు. టిక్... టిక్... ఆ చీకట్లో కాయిల్ వెనక పక్క, మనిషి చూపు ఆనని వైపు, నీలం దారం లాంటి మెరుపు పైనుంచి కిందికి జారుతోంది. ఎటు పడితే అటు కాదు, గీత గీసినట్టు ఒకటే దారిన. ఆయన ఆపమని చెప్పి, లైటు వేసి, తల లోపలికి దూర్చి చూశారు.

పసుపు. పైనుంచి కిందికి దట్టంగా పూసిన పసుపు. దాని మీద వరసగా కుంకుమ బొట్లు. గడపకి పెట్టినట్టు.

"లలితా, ఇదేంటి?" అన్నారు.

ఆవిడ దిగి వచ్చి చూశారు. శాలువా కొంగు వేలికి చుట్టుకుంటున్నారు. "కొత్త వస్తువు కదండీ, పెట్టాను... దసరాకి."

"ఇది దసరా నాటిది కాదు. తడిగా ఉంది."

"తర్వాత ఆగుతోంది కదా మరి. అందుకని శుక్రవారం శుక్రవారం... మీరు చూస్తే అరుస్తారని వెనక వైపు."

"ఎన్నాళ్ళనుంచి?"

"మీరు చీకట్లో ఈ పులియా దాటి రావాలి కదా," అన్నారావిడ. "ఆగినకొద్దీ కాస్త ఎక్కువ పెట్టాను."

నవ్వకండి. పాత పాయింట్లున్నప్పుడు రవ్వ నీరసంగా ఉండేది, పసుపున్నా లేకపోయినా దాని దారిన అది పోయేది. కొత్త కాయిల్‌ది ఏనుగు బలం. పొగమంచుకి పసుపు చెమ్మగిల్లగానే దానికి అడ్డదారి దొరికింది, ప్లగ్గుకి పోవాల్సింది పసుపు మీదుగా ఇనుములోకి దిగిపోయింది. ఆ టిక్కు టిక్కు అదే.

ఇద్దరూ కలిసి తుడిచారు. ఆయన జేబురుమాలు చాల్లేదు, ఆవిడ అరచేతులతో రుద్దారు. అప్పుడొక ఆటో వస్తుంటే, చేతులు కడుక్కోడానికి నీళ్ళడుగుదామని ఆవిడ రోడ్డుకడ్డంగా వెళ్ళి చేతులెత్తారు. మంచులోంచి తెల్ల శాలువా, రెండు ఎర్రటి అరచేతులు... ఆటోవాడు, "మాతాజీ, మాఫ్ కరో," అని అలాగే బండి తిప్పుకుని వచ్చిన దారిన పోయాడు. ఎర్ర చేతుల సంగతి తెల్లారేసరికి మా గార్డుకి చేరిపోయింది. వాడే నాకు చెప్పాడు, నేను భయపడ్డాను కూడా.

సరే. ఆయన తాళం తిప్పారు. ఒక్క తిప్పు... అంటుకుంది.

పల్లం దాటి పైకెక్కారు. మంచు పోయి వీధి దీపాలు కనపడ్డాయి. ఇంజిన్ హాయిగా ఆడుతోంది, రావు గారి మొహంలో మాత్రం కళ లేదు. మాటిచ్చిన మనిషి కదా.

"ఆగింది కదా లలితా," అన్నారు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "రేపు గుర్‌గావ్ ఆయనకి ఫోన్ చేస్తాను."

ఆవిడ తన ఎర్ర చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటి వంకే చూస్తున్నారు.

"కారెక్కడ ఆగిందండీ," అన్నారు. "ఇన్నాళ్ళూ దాన్నక్కడ ఆపింది నేను. కావాలంటే ఆయన్ని రమ్మనండి, కారు బదులు నన్ను అమ్మేద్దురు గాని."