ఇసుక మీద మంచుగడ్డ

బెర్నడెట్ వోజిక్ పడింది మంగళవారం తెల్లవారుజామున. షికాగోలో తన ఇంటి పక్క అపార్ట్‌మెంటు ముందు, కాలిబాట మీద.

కుడి భుజం ముక్కలైంది. ఏళ్ళ తరబడి స్కూలు బస్సు నడిపిన చెయ్యి. ఇక స్టీరింగు తిప్పలేదని డాక్టరు తేల్చేశాడు.

శుక్రవారం ఉదయం ఇనెజ్ ట్రాస్క్ వచ్చింది. బెర్నడెట్ లాయరు పంపిన ఇన్వెస్టిగేటరు ఆవిడ. తేల్చవలసింది ఒక్కటే. ఆకాశం నుంచి పడి గడ్డకట్టిన మంచు మీద జారితే ఎవరి మీదా కేసు నిలవదు. మనిషి చేసిన గడ్డయితే నిలుస్తుంది.

మధ్యాహ్నానికి వాన అని రేడియోలో చెప్పారు. వానొస్తే సాక్ష్యం కాస్తా మురుక్కాలవ పాలు.

పడిన చోట పసుపు టేపు కట్టి ఉంది. కట్టింది బెర్నడెట్ మొగుడు కాజ్. ఎవరూ అడుగు పెట్టకుండా మూడు రోజులుగా అతనే కాపలా.

"చూశారా మేడమ్, ఆ గొట్టం?" పక్క బిల్డింగు గోడకున్న వాన గొట్టం చూపించాడు. "కప్పు మీది నీళ్ళన్నీ బాట మీదికే! ఈ కనేలోస్‌ని కోర్టుకీడుస్తా. మా బెర్నీ చెయ్యి విరగ్గొట్టి హాయిగా తిరుగుతానంటే ఊరుకుంటానా?"

బిల్డింగు ఓనరు కనేలోస్ మెట్ల మీదే ఉన్నాడు. "నోరు అదుపులో పెట్టుకో కాజ్. సోమవారం సాయంత్రం ఎవరూ జారకుండా బాట మీద ఇసుక చల్లింది ఎవడు? నేను కాదూ?"

"చల్లావు, కలలో!"

ఇనెజ్ గొట్టంలో చెయ్యి పెట్టింది. పొడి మంచు పిండిలా రాలింది.

"సోమవారం చలి ఎలా ఉంది?"

"ముక్కు ఊడిపోయేంత. ఈ వారమంతా అంతే," వరండాలోంచి బెర్నడెట్ జవాబిచ్చింది. చెయ్యి ఒంటికి కట్టేసి ఉంది.

"మరి కప్పు మీద మంచు ఎలా కరుగుతుంది? ఈ గొట్టంలోంచి చుక్క పడలేదు."

కాజ్ ముఖం వాడిపోయింది.

"అంటే కేసు లేదాండీ?" బెర్నడెట్ వరండా అంచుకొచ్చింది. "ఉద్యోగం పోయింది. దాంతోపాటే ఇన్సూరెన్సూ పోతుంది. రెండో ఆపరేషన్ ఎలా చేయించుకోవాలి?"

ఇనెజ్ చీపురు అడిగి తీసుకుంది. టేపు దాటి, బాట పైన పడిన పొడి మంచు ఊడ్చింది. అడుగున గాజులాంటి గడ్డ. మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసింది.

ఇసుక ఉంది. గడ్డ పైన కాదు. గడ్డ కింద.

"కనేలోస్ గారు ఇసుక చల్లిన మాట నిజం. ఆ తర్వాతే నీళ్ళొచ్చాయి," అంది. "ఆకాశం నుంచి కాదు. ఇది మనిషి చేసిన పనే."

"నేను చెప్పలా!" కాజ్ చప్పట్లు చరిచాడు. "బెర్నీ, కేసుంది!"

మొదటి చినుకు ఇనెజ్ చేతి మీద పడింది. గబగబా ఊడ్చుకుంటూ వెళ్ళింది. గడ్డ సన్నబడి వాలు వెంట పైకి సాగింది. వోజిక్‌ల ఇంటివైపు. ఆ ఇంటి ముందు రోడ్డంచున ఒక వంటింటి కుర్చీ. దాని చుట్టూ మంచుగడ్డ. మధ్యలో మాత్రం కారంత మేర పొడి రోడ్డు.

"ఈ కుర్చీ ఎవరిది?"

"మాదే," అన్నాడు కాజ్. "మంచు తవ్వినవాడిదే చోటు. కుర్చీ వేశాక ఇంకోడు కారు పెట్టకూడదు. వీధి కట్టుబాటది."

"పెట్టాడుగా ఒకడు," అంది బెర్నడెట్. "సోమవారం నేనొచ్చేసరికి కుర్చీ పక్కకి విసిరేసి పెట్టేశాడు. చేసేదిలేక కనేలోస్ బిల్డింగు అవతల పెట్టుకున్నా. పొద్దున్న ఆ కారు దగ్గరికెళ్తూనే..."

"ఆ మనిషి కారేమైంది?"

కనేలోస్ ఫక్కున నవ్వాడు. "తెల్లారేసరికి ఐసుపెట్టె! సుత్తితో కొట్టుకుని తలుపు తీసుకున్నాడు."

"నీళ్ళు కొట్టిందెవరు?"

"నేనే! కుర్చీ తీసినవాడికి ఆ మాత్రం శాస్తి ఉండొద్దూ?" కాజ్ ఛాతీ విరిచాడు.

"చలికాలం బయట కుళాయిలు కట్టేస్తారుగా?"

"బట్టలుతికే తొట్టి కుళాయికి హోసు తగిలించి, బేస్‌మెంటు కిటికీలోంచి లాగా."

"అయ్యాక?"

"పారుతున్న హోసు బాట మీద పడేసి, కుళాయి కట్టడానికి కిందికె..."

ఆగిపోయాడు. చూపు గడ్డ వెంట దిగింది. వాలు వెంట, పసుపు టేపు దాకా.

"రాత్రి దాని మీద మంచు కురిసింది," ఇనెజ్ మెల్లిగా అంది. "ఎవరికీ కనపడలేదు."

కాజ్ మంచుకుప్ప మీద కూలబడ్డాడు.

"కేసుంది, బెర్నడెట్ గారూ. కానీ వెయ్యాల్సింది ఈయన మీద. మీ ఇంటి బీమా ఒకే కప్పు కింద ఉండేవాళ్ళకి పైసా ఇవ్వదు. ఈయన జేబులోంచి తీసి మీ జేబులో వేసుకోవాలంతే." ఇనెజ్‌కి తన ఉద్యోగం మీద రోత పుట్టింది.

వాన జోరందుకుంది.

"నీకోసమే బెర్నీ," కాజ్ తలెత్తకుండానే అన్నాడు. "అలిసిపోయి వస్తావు, గుమ్మం ముందే దిగుతావని..."

"తెలుసు."

ఆమె వానలోకి దిగి ఎడమ చెయ్యి చాచింది.

"లే. ముందు కనేలోస్‌కి క్షమాపణ చెప్పు. తర్వాత లోపలికొచ్చి నా జుట్టు దువ్వు. ఇక రోజూ నువ్వే దువ్వాలి."